కమలవేణి ఒక్కతే చేసింది

కమలవేణి టీచరుకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. తమిళనాడు ధర్మపురిలో మా తెలుగువాళ్ళు చాలామంది అంతే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకు మాత్రం మారండహళ్ళిలో మా మేనమామ పట్టుబట్టి అక్షరాలు దిద్దించాడు. కాబట్టి నేనిప్పుడు రాసేది ఆమె చదవదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను. ధైర్యం అన్న మాట నా నోట ఎంత బాగుంటుందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నా పేరు గోవిందరాజప్ప. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి బడిపంతులునయ్యాను. చివరి తొమ్మిదేళ్ళు పంతుళ్ళకే పంతులుని, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చేవాణ్ణి. దాన్ని మా దగ్గర పయిర్చి అంటారు. పయిర్చి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్తాను. పొద్దున పదికి సంతకం. పదకొండుకు టీ, ఒక వడ. మధ్యాహ్నం సాంబారన్నం తిన్నాక సగం మంది కళ్ళు తెరిచే నిద్రపోతారు. సాయంత్రం అభిప్రాయం రాయమని కాగితం ఇస్తే అందరూ ఒకే ముక్క రాస్తారు, చాలా ఉపయోగంగా ఉండిందని. నేను చెప్పిన పనులు ఎవరూ బడికి పోయి చేయరు. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి ఒక ఫోటో, నిలబెట్టి ఒక ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆ సంగతి నాకూ తెలుసు, నా పైవాళ్ళకూ తెలుసు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, పయిర్చిలో ఇద్దరూ ఒకరికొకరు లోకువే.

ఆ ఏడు జూలైలో సాంఘికశాస్త్రం టీచర్లకు ఐదు రోజుల పయిర్చి పెట్టారు. అచ్చంగా పౌరశాస్త్రం మీదనే పెట్టడం నా తొమ్మిదేళ్ళలో అదే మొదలు. తొంభై మంది వచ్చారు. మూడో రోజు గ్రామసభ పాఠం. మాకిచ్చిన అచ్చు పుస్తకంలో లేని పని ఒకటి నా సొంతంగా చెప్పాను. కిందటి గ్రామసభకు ఇంట్లోంచి ఎవరు వెళ్ళారో, అక్కడ ఏం తీర్మానం చేశారో పిల్లలను ఇంట్లో అడిగి రాసుకురమ్మనండి, దాన్ని చార్టు చేసి గోడకు తగిలించండి, పాఠం దానంతట అదే వస్తుంది అన్నాను. సందు దొరికినప్పుడల్లా ఈ ముక్క చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నాకు అలవాటే. చెప్పిన ఏ ఊళ్ళోనూ ఎవరూ చేయలేదు, అదే నా అదృష్టం.

ముందు వరుసలో ఒకావిడ చేయెత్తింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. గంజిపెట్టిన నూలుచీర, ఒళ్ళో లావుపాటి నోటుబుక్కు. ఇట్లా చేస్తే ఊళ్ళో ఎవరికైనా కోపం వస్తే మేమెవరిని అడగాలి సార్ అని తమిళంలో అడిగింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వి, నేను లేనా అమ్మా, ఒక్క ఫోను కొట్టండి అంటూ బోర్డు మీద నా నెంబరు రాశాను. తొంభై మందిలో దాన్ని రాసుకున్నది ఆమె ఒక్కతే. ఆమే కమలవేణి.

టీ అప్పుడు ఆమె ఫోనులో తెలుగు మాట్లాడడం విని, మీరూ మనవాళ్ళేనా అని పలకరించాను. అంతవరకు సార్ అన్న మనిషి ఆ క్షణం నుంచి అన్నా అంది. ఆ నోటుబుక్కు తెరిచి చూపించింది. పిల్లలు క్లాసులో అడిగి, తను జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలన్నీ అందులో తేదీలతో రాసి ఉన్నాయి. ఓటు రహస్యమైతే మా నాయన ఎవరికి వేసినాడో ఆ పార్టీవాళ్ళకెట్లా తెలిసింది? గ్రామసభలో మా అవ్వ నేల మీద, వాళ్ళు కుర్చీల మీద కూర్చోవాలని చట్టంలో ఉందా? ఇట్లాంటివి రెండు వందల పైన. నాలుగు ప్రశ్నల మీద ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. నాలుగింటిలో ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. గడియారం మాత్రం చూసుకోలేదు, అంతే.

"ఇరవై రెండేండ్లుగా ఈ ఉద్యోగం చేస్తా ఉన్నాను. నా పాఠం గురించి నాతో ఇంతసేపు మాట్లాడింది మీరేన్నా" అంది.

అప్పుడు నేను ఉబ్బిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒక మనిషి ఇరవై రెండేళ్ళు ఇరవై నిమిషాల కోసం కాచుకుని ఉండడమేమిటి?

మిగతా సంగతులు ఆ ఐదు రోజుల్లో కొంచెం కొంచెంగా చెప్పింది. వాళ్ళది తరతరాలుగా ధర్మపురి బజారులో పూజాసామాన్ల అంగడి. ఇప్పుడు అన్న దినకరన్ చూసుకుంటున్నాడు. మేడ మీద ఒక గది ఆమెది. పెళ్ళి ఎందుకు కాలేదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. రోజూ రెండు బస్సులు మారి, వెల్లిచందై దాటి లోపలికున్న ఒక ఊరి హైస్కూలుకు పోయి వస్తుంది. ఊరి పేరు చెప్పను, అది ఏ ఊరైనా కావచ్చు. లెక్కల టీచర్లు ఇద్దరు, సైన్సుకు ఇద్దరు. వాళ్ళు వాళ్ళు మాట్లాడుకుంటారు. సాంఘికశాస్త్రానికి ఈమె ఒక్కతే. పైగా పౌరశాస్త్రం చరిత్రా భూగోళమూ అయ్యాక వచ్చే పాఠం. అక్కడికి వచ్చేసరికి పరీక్షలు నెత్తి మీద ఉంటాయి. లెక్కల టీచరు తలుపు దగ్గర నిలబడి ఈ పీరియడ్ నాకిచ్చేయండి అంటుంది. ఈమె ఇచ్చేస్తుంది. ఇంటికి పోతే కర్పూరం, సాంబ్రాణి, సరుకు రాలేదన్న కబుర్లు. అన్న కూతురు దర్శిని మంచి పిల్లే గానీ, అదీ ఒకసారి అడిగిందట, "అత్తా, జీతం వస్తానే ఉంది కదా, ఇంకా ఏమిటికి ఇదంతా?" అని. ఆ ప్రశ్న కూడా నోటుబుక్కులో రాసుకుంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తొంభై మందిలో కమలవేణి ఒక్కతే నేను చెప్పినది నిజమని నమ్మి, బడికి పోయి చేసింది.

ఆగస్టు రెండో వారంలో తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై ఒక్క మందిని ఇంట్లో అడిగి రమ్మంది. మే నెల గ్రామసభకు వెళ్ళినవాళ్ళు ఏ ఇంట్లోనూ లేరు. కానీ పంతొమ్మిది మంది పిల్లలు ఇంకో మాట రాసుకొచ్చారు. వాళ్ళ అమ్మలు సభకు పోలేదు గానీ సంతకం పెట్టారట. గ్రామసభ జరగాలంటే ఇంతమంది వచ్చినట్టు పుస్తకంలో సంతకాలుండాలి. జనం సభకు రారు, కాబట్టి పుస్తకమే జనం దగ్గరికి పోతుంది. నూరు రోజుల పనిలో, అంటే ఉపాధి హామీ పనిలో, ఆడవాళ్ళు కాలువ గట్టు వేస్తుంటే, హాజరు పుస్తకంతో పాటు ఈ పుస్తకమూ చాపుతారు. వాళ్ళు చేతికంటిన మట్టి తుడుచుకుని పెట్టేస్తారు. ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ దొంగతనం అనుకోరు. పెళ్ళిలో చదివింపులు రాసుకున్నంత మామూలుగా జరిగిపోతుంది.

మేనక అనే పిల్ల చార్టు రాసింది. వెళ్ళినవారు సున్న, సంతకం పెట్టినవారు పంతొమ్మిది. కింద ఆ మాట రాసుకొచ్చిన పిల్లల పేర్లు, చుట్టూ రంగు పెన్నులతో పూలు. పద్నాలుగో తేదీ సాయంత్రం కమలవేణి నాకు ఫోను చేసింది. ఆ పొద్దు పిల్లలే తనకు పాఠం చెప్పారని సంబరపడిపోయింది. ఫోటో పంపమన్నాను. నా పయిర్చి ఫలితం చూడండి అని గ్రూపులో పెట్టుకున్నాను. డెబ్బై చప్పట్ల బొమ్మలు వచ్చాయి. దానివల్ల ముంచుకొచ్చేదేమిటో ఆమెకు తోచలేదు సరే, తొమ్మిదేళ్ళ పంతుళ్ళ పంతులుకు తోచవద్దా?

మర్నాడు పదిహేనో తేదీ. జెండా ఎగరేయడానికి పంచాయతీ ప్రెసిడెంటు శక్తివేల్ బడికి వచ్చాడు. జెండా ఎగరేసి, పిల్లలకు మిఠాయి పంచి, వరండాలో నడుస్తూ గోడ మీది చార్టు చూశాడు. రెండుసార్లు చదివాడట. మేనక తల నిమిరి, బాగా రాశావమ్మా అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. పదహారో తేదీ పొద్దున కాలువ గట్టు దగ్గర ఆ పంతొమ్మిది మంది పేర్లు పిలవలేదు. మీ పిల్లలు పెద్ద చదువులు చదువుకుంటున్నారు కదా, మీకింక పనెందుకు అన్నారట.

మధ్యాహ్నానికి ఆడవాళ్ళందరూ బడి గేటు దగ్గరున్నారు. వాళ్ళు రావడం చూసి కమలవేణి ఏమనుకుందో తెలుసా? చట్టంలో ఏముందో తనను అడగడానికి వస్తున్నారనుకుంది. చేతిలో పుస్తకం పట్టుకుని ఎదురుపోయింది. మేనక తల్లి పాపక్క అందరికంటే ముందుంది. ఆమెదీ మన తెలుగే. తమిళంలో తిట్టడం చాలక తెలుగులోకి వచ్చింది.

"మేము నిన్ను ఏమన్నా అడిగినామా టీచరమ్మా? మా సంతకం మాది, మా గంజి మాది. నడుమ నీకేమి?"

స్టాఫ్ రూములోంచి ఒక్క మనిషీ బయటికి రాలేదు. హెడ్‌మాస్టరు శంకరనారాయణన్ అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకునే మనిషి. ఆ సాయంత్రమే కమలవేణి చేతిలో ఒక కాగితం పెట్టాడు. పాఠ్యపుస్తకంలో లేని పనిని పిల్లలచేత ఎందుకు చేయించారు, ఎవరు చేయమన్నారు, పది రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలని.

బస్సు దిగీ దిగగానే ఆమె మా గ్రూపులో రాసింది. ఇట్లా జరిగింది, ఎవరైనా ఈ పని చేసి చూశారా, ఇప్పుడు నేనేం చేయాలి అని. తొంభై మంది గ్రూపు. చదివినవాళ్ళు ఎనభై ఏడు మంది అని ఆమె ఫోను చూపించిందట. ఇద్దరు నమస్కారం బొమ్మ పెట్టారు. ఒకాయన ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టాడు. ఆ గ్రూపు నడిపేది నేను. నాకు రిటైర్మెంటు పది నెలలుంది. పుస్తకంలో లేని పని చెప్పినందుకు రేపు నన్నూ ఒక కాగితం అడుగుతారనుకున్నాను. నేను పెట్టిన ఫోటో తీసేశాను. ఆమె రాసిన మాటలూ తీసేశాను. తరువాత సెట్టింగు మార్చి, నేను తప్ప ఎవరూ రాయకుండా చేశాను. మా ఆవిడ సరసమ్మ వద్దందని చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. ఆవిడకు సంగతే తెలియదు. ఇదంతా నా సొంత పిరికితనం.

కమలవేణి ఫోను చేసింది. నేను ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మూడో రోజు తెలియని నెంబరు కదా అని ఎత్తితే, అంగడి ఫోను నుంచి ఆమే.

"అన్నా, ఒక్క మాట రాసియ్యండి చాలు. ఇది పయిర్చిలో చెప్పినారని. అచ్చు పుస్తకమంతా వెతికినాను, యాడా లేదు. మీ నోటి మాట ఒక్కటే నాకుండేది."

చూస్తానమ్మా అన్నాను. మనవాళ్ళు చూస్తాను అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఆమె మాత్రం నిజంగానే చూస్తాననుకుంది.

ఆ పది రోజులు ఆమె ఎట్లా గడిపిందో తరువాత అక్కడా ఇక్కడా విన్నాను. స్టాఫ్ రూములో ఎవరూ ఏమీ అనలేదు. ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి, అంతే. మూడో రోజు నుంచి అన్నం డబ్బా తీసుకుని ఖాళీ క్లాసులో తినడం మొదలుపెట్టింది. మేనక బడికి రావడం మానేసింది. ఆదివారం పనిగట్టుకుని రెండు బస్సులు మారి పాపక్క ఇంటికి పోయింది. ముసలావిడ ఎవరో బయటికొచ్చి ఇంట్లో ఎవరూ లేరని చెప్పింది. లోపల మేనక గొంతు వినబడుతూనే ఉంది. కమలవేణి మేకల దొడ్డి గోడ మీద గంటసేపు కూర్చుని, తిరుగుబస్సు ఎక్కింది. ఇంట్లో దినకరన్, నలుగురితో బేరం చేసుకునేవాళ్ళం, ఊరి గొడవలు మనకెందుకు అని ఒక్కసారి అని ఊరుకున్నాడు. తిడితే బాగుండేది. తిట్టడానికైనా ఎదురుగా కూర్చుని మాట్లాడాలి కదా.

నేను ఎనిమిదో రోజు ఉత్తరం రాశాను. తమిళంలో నాలుగు లైన్లు. గ్రామసభ గురించి పిల్లలచేత ఇంట్లో అడిగించమని పయిర్చిలో నేనే చెప్పాను, తప్పేదైనా ఉంటే నాది అని. రాయడానికి పావుగంట కూడా పట్టలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను. తొమ్మిదో రోజు చొక్కా మార్చినప్పుడు దాన్ని కొత్త చొక్కా జేబులోకి మార్చాను. పదో రోజూ అంతే. పన్నెండో రోజు పొద్దున ఏ దేవుడు తరిమాడో గానీ బస్సెక్కాను.

హెడ్‌మాస్టరు నన్ను చూసి తెగ సంతోషపడ్డాడు. టీ తెప్పించాడు. ఆ గొడవంతా సద్దుమణిగిందనీ, టీచరు మర్యాదగా రాసిచ్చిందనీ, దాన్ని ప్రెసిడెంటుకు చూపించగానే ఆడవాళ్ళను మళ్ళీ పనికి పిలిచారనీ చెప్పి ఫైలు నా ముందుకు తోశాడు. తమిళంలో, పిల్లలు కాపీ రాసినంత గుండ్రటి అక్షరాలతో మూడు వాక్యాలున్నాయి. ఈ పని పూర్తిగా నా సొంత ఆలోచన. నాకు ఎవరూ చెప్పలేదు. ఇకమీదట పుస్తకంలో ఉన్నది మాత్రమే చెప్తాను.

నేను టీ తాగలేకపోయాను. లేచి వరండాలోకి పోయాను.

తొమ్మిదో తరగతి తలుపు తెరిచి ఉంది. మేనక రెండో బెంచీలో ఉంది. గోడ మీద చార్టు లేదు, అది అంటించిన చోట సున్నం పెచ్చులూడి ఉంది. కమలవేణి పుస్తకం చూసి ఒక్కో లైనూ చదువుతోంది, పిల్లలు జవాబుల కింద గీతలు గీసుకుంటున్నారు. గ్రామసభ ఏడాదికి ఎన్నిసార్లు అని అడిగితే అందరూ ఒకే గొంతుతో చెప్పారు. ఒక్కరూ ఇంకో ప్రశ్న అడగలేదు. నన్ను చూసి ఆమె బయటికొచ్చింది. పన్నెండు రోజులకే ముఖం పీక్కుపోయింది.

ఉత్తరం తీసి ఇచ్చాను. నిలబడే పూర్తిగా చదివింది. మడతలు చెదరకుండా మళ్ళీ మడిచి నా చేతికిచ్చింది.

"బాగా రాసినారు సార్" అంది.

అన్నా అని పిలవలేదు. ఆ ఒక్క పిలుపు పోవడంతో నా చెంప మీద కొట్టినట్టయింది. ఇప్పుడైనా హెడ్‌మాస్టరుకు ఇస్తాను, మీ కాగితం వెనక్కి తీసుకోండి అన్నాను. వద్దంది. ఆడవాళ్ళకు పని వచ్చేసిందనీ, ఇప్పుడు ఇది బయటపెడితే మళ్ళీ వాళ్ళ నోటి కూడే పోతుందనీ, అందుకే తను అట్లా రాసిచ్చిందనీ చెప్పింది. గొంతులో కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. తరువాత మెల్లగా అంది.

"అన్నిసార్లు ఫోను చేసింది కాగితం కోసమే కాదు సార్. నేను చేసినది తప్పా, సరా అని ఎవరితోనన్నా మాట్లాడాల్నని ఉండింది. ఇంట్లో అడగలేను, బడిలో అడగలేను. మీరొక్కరే ఉంటిరి."

"తప్పు కాదమ్మా" అన్నాను. పన్నెండు రోజుల తరువాత.

"సరే సార్" అంది.

ఇంతలో హెడ్‌మాస్టరు చేతిలో ఒక పెద్ద పుస్తకంతో అక్కడికే వచ్చాడు. మాలాంటి శిక్షకులు బడికి వచ్చినప్పుడు ఏ టీచరుకు ఏం సాయం చేశారో అందులో రాయాలి. పక్కన ఆ టీచరు, సాయం అందిందని సంతకం పెట్టాలి. ఈ ఏడాది మా బడి పేజీ అంతా ఖాళీగా ఉంది సార్, తనిఖీకి వస్తే నాకు తలనొప్పి, ఎట్లాగూ వచ్చారు కదా, రెండు ముక్కలు రాసిపొండి అని బతిమాలాడు. కమలవేణి పక్కనే ఉంది. రాయనని చెప్పడానికి నోరు తెరిచాను. హెడ్‌మాస్టరు అప్పటికే పెన్ను మూత తీసి నా వేళ్ళ మధ్య పెట్టేశాడు.

రాశాను. సాంఘికశాస్త్ర ఉపాధ్యాయినిని కలిసి, పౌరశాస్త్ర బోధనలో ఆమెకు తగిన సలహా, తోడ్పాటు అందించితిని. కింద నా సంతకం, తేదీ.

ఆమె చదవలేదు. పెన్ను ఇటియ్యండి సార్ అని అడిగి తీసుకుని, చేతికంటిన సుద్దపొడి చీరకు తుడుచుకుని, చూపించిన చోట సంతకం పెట్టింది. తరువాత లోపలికి పోయి, ఆపిన లైను దగ్గర నుంచి పాఠం చదవడం మొదలుపెట్టింది.